తిమ్మిరికి మూడో పేరు: ఒక రోగనామానికి ప్రతిపదార్థం

మూలం: హెరిడిటరీ ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్ విత్ పాలీన్యూరోపతి.

నాగపూర్‌కో హైదరాబాద్‌కో వెళ్లి మహారాష్ట్రలోని చంద్రపూర్ తిరిగొచ్చిన మనిషి రిపోర్టులో ఎప్పుడో అరుదుగా ఈ వరుస కనబడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బీరువాలో పెట్టేస్తారు. అలా పెట్టేయకూడదు. రోగి ఏం చెయ్యాలో, ఇంటివాళ్లు ఏం చెయ్యాలో ఇందులో ప్రతి మాటా చెబుతుంది. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు చివర ఉన్న క్రియను పట్టుకుని వెనక్కి వస్తాం. దీన్నీ చివరి నుంచే చదువుదాం.

పాలీన్యూరోపతి: చాలా నరాలు ఒకేసారి చెడడం. తిమ్మిరి రెండు కాళ్లలోనూ వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. సాధారణంగా ముందు పోయేది వేడి, నొప్పి తెలియడం, కండబలం తర్వాత. చంద్రపూర్ జిల్లాలో కాళ్ల తిమ్మిరికి రెండు పేర్లు సిద్ధంగా ఉంటాయి. ఒకటి షుగరు. రెండోది పెద్దరోగం, అంటే కుష్ఠు, మరాఠీలో మహారోగం. బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవా సమితి మొదలుపెట్టింది ఈ జిల్లాలోని వరోరాలోనే. ఆ సమితి ఆశ్రమం ఆనందవనం అక్కడే ఉంది. కుష్ఠు ఇప్పటికీ ఈ ప్రాంతాన్ని వదిలిపోలేదు. కాబట్టి ముందు దాన్నే అనుమానించడం తప్పు కాదు. మందులతో నయమయ్యే జబ్బును మొదట వెతకడమే న్యాయం.

అయితే కుష్ఠులో స్పర్శ ఎక్కువగా మచ్చ మీదో, ఒక నరం వెంటో పోతుంది. మోచేతి వెనక తడిమితే నరం లావుగా తాడులా తగలొచ్చు. ఇవేవీ లేవనుకోండి. షుగరూ లేదు. అయినా తిమ్మిరి మోకాళ్ల దాకా వచ్చింది. తిండి తింటున్నా మనిషి చిక్కిపోతున్నాడు. వారం మలబద్ధకం, వారం విరేచనాలు. మంచం దిగితే కళ్లు తిరుగుతాయి. మగవాడైతే భార్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది ఒకటి. మణికట్టు నరం నొక్కుకుపోయి రెండు చేతులకూ ఆపరేషన్ అయింది. అప్పుడు మూడో పేరు తలుచుకోవాలి.

మూడో పేరు తేలినా పాదాల సంరక్షణ మాత్రం పెద్దరోగం నేర్పిందే. మే నెలలో చంద్రపూర్ ఎండ 46 డిగ్రీలు దాటుతుంది. స్పర్శలేని కాలు గచ్చు మీద కాలిపోయినా మనిషికి తెలియదు. సాయంత్రం బొబ్బ చూసుకున్నాకే తెలుస్తుంది. చెప్పు తొడిగే ముందు తలకిందులు చేసి దులపాలి, లోపల రాయి ఉండొచ్చు. స్నానం నీళ్ల వేడి పాదంతో కాదు, స్పర్శ ఉన్న మోచేతితో చూడాలి. రాత్రి అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకోవాలి. కుష్ఠు రోగులకిచ్చే మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు ఈ కాళ్లకూ మంచివే. అవి వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అని వెనకాడేవాళ్లుంటారు. ఎవరు ఏమనుకున్నా కాలు దక్కాలి.

అమిలాయిడోసిస్: మడత తప్పిన ప్రోటీను సన్నటి పోగులై అవయవాల్లో పేరుకోవడం. చిన్న ముక్క కోసి కాంగో రెడ్ అనే రంగు అద్ది, ధ్రువిత కాంతిలో మైక్రోస్కోపు కింద చూస్తే ఆ పోగులు పచ్చి ఆపిల్ రంగులో మెరుస్తాయి. ఇవి నరాల దగ్గరే ఆగవు. గుండె గోడ మందమవుతుంది, నాడి గతి తప్పి పేస్‌మేకర్ అవసరం పడొచ్చు. పేగు, మూత్రపిండం, కంటిలోని ద్రవం, దేన్నీ విడిచిపెట్టవు. అందుకే ఒక్క న్యూరాలజిస్టు చాలడు. ఎకో, ఈసీజీ, కంటి పరీక్ష వేళకు జరగాలి. ఏళ్లుగా బీపీ బిళ్లలు మింగుతున్నవాడికి బీపీ దానంతటదే దిగిపోతే సంతోషించకండి, డాక్టరుకు చెప్పండి. డిగాక్సిన్, వెరపమిల్ లాంటివి ఎవరైనా రాస్తే ముందు ఈ రిపోర్టు వరుస చూపించండి. పొద్దున లేవగానే నిలబడకుండా మంచం అంచున కాసేపు కూర్చుని లేవడం ఖర్చులేని వైద్యం.

ట్రాన్స్‌థైరెటిన్: ఈ మాట విడదీస్తే అర్థం తనే చెబుతుంది. థైరాక్సిన్‌ను, విటమిన్ ఎ అయిన రెటినాల్‌ను మోసుకెళ్లేది. చాలావరకు కాలేయంలో తయారవుతుంది. నాలుగు ముక్కలు కలిసి నిలబడే ప్రోటీను ఇది, నాలుగు కోళ్ల మంచం లాంటిది. జన్యువులో ఒక అక్షరం మారితే కోళ్లు ఊడతాయి. ఊడిన ముక్కలే పోగులవుతాయి. మూలం కాలేయమే కనుక 1990లో స్వీడన్‌లో ఈ జబ్బుకి మొదటిసారి కాలేయ మార్పిడి చేశారు. కోళ్లు ఊడకుండా పట్టి ఉంచే టఫామిడిస్ అనే మందుకు 2011లో ఐరోపా అనుమతిచ్చింది. పాత నొప్పిమందు డైఫ్లునిసాల్ కూడా ఆ పని కొంత చేస్తుందని 2013లో 130 మంది మీద జరిగిన పరీక్షలో తేలింది. అయితే గుండె, మూత్రపిండాలు బలహీనమైనవాళ్లు సొంతంగా ముట్టుకోకూడదు. 2018లో పటిసిరాన్ వచ్చింది. కాలేయంలో ఆ ప్రోటీను తయారీనే తగ్గిస్తుంది. అలాంటి మందు వాడేటప్పుడు విటమిన్ ఎ కూడా డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి, దాన్ని మోసే బండి తగ్గిపోతుంది కనుక. పోయిన నరాన్ని పూర్తిగా తిరిగి తెచ్చే మందు వీటిలో లేదు. ఎంత ముందు మొదలుపెడితే అంత మిగులుతుంది.

హెరిడిటరీ: వంశంలో వచ్చేది. ఈ వరుసలో అన్నిటికన్నా బరువైన మాట నాకు ఇదే. చంద్రపూర్, గడ్చిరోలీల్లో సికిల్‌సెల్ అందరికీ తెలుసు. ఆ జబ్బులో తల్లీ తండ్రీ ఇద్దరూ లోపమున్న జన్యువునివ్వాలి. ఇక్కడ ఒక్కరిస్తే చాలు. ఒక్కొక్క బిడ్డకూ, ఆడైనా మగైనా, సగం అవకాశం. జిల్లాలోని బల్లార్‌పూర్, రాజూరాల తెలుగు ఇళ్లలో ఏ జబ్బొచ్చినా మేనరికాన్ని అంటారు. ఇది మేనరికంతో వచ్చేది కాదు, బయటి సంబంధం చేసుకుంటే తప్పేదీ కాదు. కోడలినీ తప్పుపట్టకండి. జన్యువు వచ్చిన ప్రతివారికీ జబ్బు రావాలనీ లేదు. వచ్చినా ఒకరికి ముప్పైలో, ఇంకొకరికి డెబ్బైలో. పోర్చుగల్ జాలరి పట్టణం పోవొవా డి వర్జీంలో జనం దీన్ని పాదాల జబ్బనే పిలుచుకునేవాళ్లు. కొరీనో అంద్రాదె అనే డాక్టరు అక్కడి కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించి 1952లో లోకానికి చెప్పాడు. కుటుంబాన్ని అడగబట్టే జబ్బు దొరికింది.

అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం 2021లో విధానం తెచ్చింది. జాబితాలోని జబ్బులకు 50 లక్షల రూపాయల దాకా సాయముంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యుపరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఈ విధానం కింద ఒక చికిత్సాకేంద్రం, ముంబైలో కె.ఇ.ఎం. ఆసుపత్రి ఇంకొకటి. వెళ్లినప్పుడు ఈ జబ్బు జాబితాలో ఉందా అని తప్పక అడగండి.

వెళ్లే ముందు ఒక కాగితం తీసుకోండి. తాత, నాన్న, పెదనాన్న, మేనత్త, మేనమామ ఎవరు ఎన్నేళ్లకు పోయారు, పోయేముందు కాళ్లెలా ఉండేవి, గుండెలో ఏముందన్నారు, రాసుకోండి. ఇంట్లో పెద్దావిడ బతికుండగానే అడగండి. ఆ వివరాలు ఆమెకే తెలుసు.