చీటీ ఊడిన పెంకు

హైదరాబాద్‌లోని కర్మన్‌ఘాట్ పేరు వెనక కథ ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు తక్కువ. అక్కడి హనుమంతుడి గుడి కూల్చాలంటే ముందు గుండె దిటవు చేసుకోమని ఔరంగజేబుకు ఆకాశవాణి హిందీలో పలికిందనీ, ఆ మాటే ఊరి పేరయిందనీ చెబుతారు. అక్కడికి దగ్గర్లోనే, చైతన్యపురిలో మూసీ ఒడ్డు గుట్టమీద, గోవిందరాజ విహారాన్ని పేర్కొనే ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండినుల నాటిదని, సుమారు 5వ శతాబ్దానిదని పండితుల మాట. అది వెలుగులోకి వచ్చింది 1980ల్లో. కథను చెప్పుకునే నోళ్లు తరతరాలుగా ఉన్నాయి, శాసనానికి చదివేవాళ్లే లేకపోయారు. పురావస్తు సమాచారం గతీ ఇంతే, చదివి వాడుకునేవాళ్లు లేకపోతే అది ఉన్నా లేనట్టే. పాత సమాచారం ఎందుకు పోతోందంటే చెదలు, తేమ, నిర్లక్ష్యం అంటాం. స్కాన్ చేసి దాచేస్తే సరి అని సర్దుకుంటాం. ఈ రెండు మాటల్లోనూ పస తక్కువ.

ఇక్కడి పురావస్తు సమాచారాన్ని కాపాడిన తొలి ఘట్టాలు తెలిసినవే. కాలిన్ మెకంజీ 1816-17ల్లో అమరావతి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఆ రాళ్లలో చాలావాటి జాడ తర్వాత లేకుండా పోయింది, బొమ్మలే మిగిలాయి. అతను సేకరించిన కైఫియతులు, అంటే గ్రామాల స్థానిక చరిత్రలు, శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో వార్షిక నివేదికలు అచ్చువేసింది. వీటిని నిలబెట్టింది కాగితం గట్టితనం కాదు, వేళకు నకలు తీయడం, అది నలుగురికీ అందడం.

అసలు చిక్కు స్వాతంత్ర్యం తర్వాత, మనం పెద్ద ఎత్తున తవ్విన కాలంలో వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం నీళ్లు కమ్మేలోగా నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వారు. వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండమీదికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు. ఆ సాహసాన్ని తక్కువచేయలేం. కానీ పూర్తి నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది, రెండోది 2006లో! నీళ్లు తరుముకొస్తుంటే నివేదికకు తీరికెక్కడిదని అడగవచ్చు. తవ్వకంలో తొందరకు అది సమాధానమే. తవ్వకం ముగిశాక గడిచిన 46 ఏళ్లకు మాత్రం నీళ్లను తప్పుపట్టలేం. ఏటేటా కేంద్ర పురావస్తు శాఖ సంగ్రహాలు వెలువడ్డాయి కదా అంటారు, నిజమే. కాకపోతే సంగ్రహం తవ్వినవాడి నిర్ణయాన్నే చెబుతుంది, అతను ఆ నిర్ణయానికి ఎలా వచ్చాడో చూపదు. కుండపెంకును సంచిలో వేసేముందు దానికో చీటీ కడతారు: ఏ గుంట, ఏ పొర, ఎంత లోతు. ఆ చీటీ ఊడితే పెంకు మిగులుతుంది గానీ దాని సాక్ష్యం పోతుంది. మరోచోట అయితే అనుమానం వచ్చినప్పుడు పక్కన ఇంకో గుంట తవ్వి సరిచూసుకోవచ్చు. మునిగిన లోయలో ఆ వీలు లేదు. కాగితాల మీద ఉన్నదే ఇక ఆ స్థలం.

ఇప్పుడు పాత నివేదికలు తెరమీద దొరుకుతున్నాయి. సంతోషమే, కానీ స్కాన్ చేసిన పేజీ ఫొటోతో సమానం. అందులోని పట్టికను కూడికలకూ పోలికలకూ వాడుకోవాలంటే ఎవరో మళ్లీ కూర్చుని ఎక్కించాలి. పాత గుంటల కొలతలను నేటి పటం మీద గుర్తించి పెట్టాలి. మొదటి నోటు పుస్తకాలూ చీటీలూ నివేదికతో జతపడాలి. బ్రిటన్‌లో యార్క్ కేంద్రంగా 1996లో మొదలైన పురావస్తు దత్తాంశ సేవ చేసేది ఇలాంటి పనే. అంత డబ్బు మనకెక్కడిదంటారు. ఒక కట్టడాన్ని ఎత్తి మరోచోట నిలిపే ఖర్చుతో పోలిస్తే చీటీల పట్టిక ఎక్కించడం ఏపాటి? కొత్త తవ్వకానికి అనుమతి ఇచ్చే ఉత్తర్వులోనే నోటు పుస్తకాల నకలు బయటపెట్టే గడువు కూడా ఉండాలి. పాతవాటిలో ముందుగా ఎక్కించాల్సినవి నాగార్జునకొండ పుస్తకాలు.