కోటు మీది చిన్న రిబ్బను

పాతకాలపు పెద్దమనుషుల చిత్రాలను చూచేటప్పుడు మనము ముందుగా ముఖమును చూస్తాము. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచివారు ముఖముతోపాటు కోటు ఎడమ వైపును కూడా చూచేవారు. అక్కడ చిన్న ఎర్ర రిబ్బను ఉన్నదా లేదా అన్నది వారికి పెద్ద సంగతి.

ఆ రిబ్బను లెజియోన్ దొనర్ అనే బిరుదుది. నెపోలియన్ దానిని 1802లో నెలకొల్పినాడు. పుట్టుకకు కాదు, చేసిన సేవకు గౌరవము అన్నది దాని ఉద్దేశము. తెల్లని ఎనామిలు నక్షత్రము, నడుమ నెపోలియన్ ముఖము. 1814లో రాజవంశము తిరిగి వచ్చినది. బిరుదును రద్దు చేయలేదు గాని, నడిమి ముఖమును తీసి నాలుగవ హెన్రీ రాజు ముఖమును పెట్టినారు. రిబ్బను అదే, దొర మారినాడు! చిత్రములో ఆ ముఖము ఆవగింజంత కూడా ఉండదు. కనుక చిత్రము ఏ సంవత్సరముదో తెలియనిదే పతకమును చదవలేము.

రోములో ఉన్న రోజులలో ఆంగ్ర్ అనే చిత్రకారుడు పెన్సిలుతో ఎందరి రూపములనో గీసినాడు. ముఖమును ఎంతో శ్రద్ధగా తీర్చి, దుస్తులను కొద్ది గీతలతో ముగించేవాడు. నల్ల పెన్సిలుకు ఎరుపు ఎక్కడిది? అయినా బొత్తాము దగ్గర చిన్న ముడి గీస్తే చాలు, ఆ కాలమువారి కంటికి అది ఎర్రగానే కనబడేది.

ఆంగ్ర్ 1815లో గీసిన గియోమ్ లెతియేర్ చిత్రము న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయములో ఉన్నది. లెతియేర్ 1760లో గ్వాడెలూప్ దీవిలో పుట్టినవాడు. తండ్రి తెల్ల తోట యజమాని, తల్లి బానిసత్వమును ఎరిగిన మిశ్రజాతి స్త్రీ. 1807 నుండి రోములోని ఫ్రెంచి కళాపీఠమునకు ఆయనే అధిపతి. అంతటివాని చిత్రములో కూడా లెజియోన్ దొనర్‌ను వెతికి లాభము లేదు, ఆయనకు అది 1818లో గాని రాలేదు. అది వచ్చిన తరువాత ఆయన ఊరుకోలేదు. 1822లో హయితీ స్వాతంత్ర్య వీరులు దెసలీన్, పెతియోన్ ఇద్దరూ ప్రమాణము చేస్తున్నట్లు పెద్ద చిత్రము వేసి, ఆ దేశమునకు కానుకగా పంపినాడు. ఫ్రాన్సు హయితీని గుర్తించినది 1825లో మాత్రమే! చిత్రము మీద తన పేరు పక్కనే గ్వాడెలూప్‌లో పుట్టినవాడనని కూడా వ్రాసుకొన్నాడు. మా దృష్టిలో ఆ వ్రాత ఏ రిబ్బనుకూ తీసిపోదు.

మారిషస్‌లో మన పూర్వీకులకు కూడా 1860ల నుండి ఫోటోలు తీసినారు. అవి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రముగా ఉన్నవి. ఒక్కొక్కరికి ఒక నంబరు. మా తరగతి పిల్లలకు ఆ ఫోటోలు చూపితే ముందు నంబరునే చదువుతారు. ముఖమును చూడండని మేమే చెప్పవలసి వస్తుంది.