ఫలానావారి భార్య

మద్రాసు వెళ్ళింది బెంగుళూరు నాగరత్నమ్మ తిరిగిన వీధులు చూద్దామని. జార్జిటౌన్‌లో నన్ను తిప్పుతానన్న స్నేహితురాలు మధ్యాహ్నం గానీ రానంది. పొద్దున్నంతా ఖాళీ. సెయింట్ జార్జి కోటలో ఉన్న సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళాను.

చర్చి చుట్టూ నేలంతా సమాధి రాళ్ళే పరిచి ఉన్నాయి. అడుగు వెయ్యాలంటే ఎవరో ఒకరి పేరు తొక్కాల్సిందే. అసలు ఈ రాళ్ళు ఇక్కడివి కావు. కోట బయట పాత శ్మశానంలో ఉండేవి. 1758-59లో ఫ్రెంచి సైన్యం కోటను ముట్టడించినప్పుడు ఆ గోరీలు శత్రువుకి చాటుగా పనికొచ్చాయి. మళ్ళీ అలా జరగకూడదని వాటిని పడగొట్టి, రాళ్ళు తెచ్చి ఇక్కడ పరిచారు. అంటే రాయి ఇక్కడ, మనిషి మరెక్కడో.

వీటిలో అన్నిటికన్నా పాతది ఒక స్త్రీది. ఎలిజబెత్ బేకర్, 1652. ఆమె మద్రాసులో బతకనే లేదు. కంపెనీ ప్రెసిడెంటుగా వస్తున్న భర్త ఆరన్ బేకర్ వెంట బయల్దేరి ఓడలోనే చనిపోయింది. మన దేశంలో ఇంగ్లీషువాళ్ళ తొలి సమాధి రాళ్ళలో ఒకటిగా దీన్ని చెబుతారు. రాయి దక్కడానికి కారణం మాత్రం ఫలానావారి భార్య కావడమే.

చర్చి 1680 అక్టోబరు 28న ప్రారంభమైంది. కట్టింది కంపెనీ డబ్బుతో కాదు, ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు వేసుకున్న చందాలతో. ఫిరంగి గుండుకి చెదరకుండా పైకప్పుని కూడా కమానులా వంచి ఇటుకతో మందంగా కట్టారు. లోపల నిలబడితే గుడిలో కన్నా మందుగుండు కొట్టులో ఉన్నట్టే అనిపించింది నాకు.

ఇక్కడ జరిగిన మొదటి పెళ్ళి ఆ నవంబరు 4న. వరుడు ఎలీహూ యేల్, తర్వాత గవర్నరయ్యాడు. వధువు కేథరిన్ హిన్మర్స్, ఆస్తిపరుడైన భర్తని ఆ ఏడాదే పోగొట్టుకున్న మనిషి. 1718లో అమెరికాలో ఒక కాలేజీ, యేల్ పంపిన కానుకకి కృతజ్ఞతగా అతని పేరు పెట్టుకుంది. అతని సంపదకి తొలి మెట్టు ఎవరి ఆస్తో చర్చికి వచ్చేవాళ్ళకి ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. 1689 ఆగస్టులో ముగ్గురు అక్కచెల్లెళ్ళకి ఇక్కడ బాప్తిస్మం ఇచ్చారు. మేరీ, ఎలిజబెత్, కేథరిన్. తండ్రి జాబ్ చార్నాక్, కలకత్తా స్థాపకుడని పుస్తకాలు చెప్పే మనిషి. తల్లి ఈ దేశపు స్త్రీ. సతి చితి మీద నుంచి ఆమెని అతను కాపాడి తెచ్చాడని కథ. కథ మొత్తం అతని ధైర్యం గురించే. ఆమె సొంత పేరేమిటో నికరంగా తెలియదు. కలకత్తాలో చార్నాక్ సమాధికి వాడిన రాయి మద్రాసు దగ్గర దొరికే రకం. భూగర్భశాస్త్రజ్ఞుడు థామస్ హాలండ్ ఆ రాయికి 'చార్నొకైట్' అని పేరు పెట్టాడు. కొండలకి కూడా అతని పేరే అంటింది!

మధ్యాహ్నం స్నేహితురాలితో జార్జిటౌన్‌లోకి నడిచాను. మనసులో 'రాధికాసాంత్వనం' మెదులుతూనే ఉంది. ముద్దుపళని అవతారికలో తన వంశంలోని స్త్రీలను, తంజనాయకిని పేరు పెట్టి తలుచుకుంటుంది. 1887 ముద్రణలో ఆ అవతారికే లేదు, కొన్ని పద్యాలూ లేవు. నాగరత్నమ్మ తాళపత్రం సంపాదించి, వదిలేసినవన్నీ కలిపి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. మర్నాటి ఏడే పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. శృంగారం గురించి రేగిన గొడవ మనందరికీ తెలుసు. ఆ పేర్లు పోవడం గురించి మాత్రం మనం కూడా తక్కువే రాశాం. పొద్దున ఆ చర్చి చూడకపోతే నాకూ తట్టేది కాదేమో.

చివరికి ఆర్మీనియన్ వీధి. 1772 నాటి చర్చి, విడిగా గంటల గోపురం, ఆవరణ నిండా మళ్ళీ సమాధి రాళ్ళే. 1794లో ప్రపంచంలోనే మొదటి ఆర్మీనియన్ పత్రిక 'అజ్దరార్' నడిపిన మతాచార్యుడు షమవోనియన్ సమాధీ ఇక్కడే ఉంది. మిగతా రాళ్ళ మీది లిపి ఒక్క ముక్క రాదు నాకు. ఎవరు భార్యో, ఎవరు కూతురో, ఎవరు వర్తకుడో తెలియకుండానే చాలాసేపు చూశాను. కాపలా ఉన్నామె గేటు మూసే వేళైందని కేకేసింది.