మోటారు సైకిలు సైలెన్సరు మార్పిడి

మోటారు సైకిలు ఇంజనులో ఇంధనం మండగా వెలువడే వేడి వాయువులను బయటికి పంపే గొట్టాలు తుప్పు పట్టినపుడు గాని, దెబ్బతిన్నపుడు గాని వాటిని తీసి కొత్తవి అమర్చడాన్ని వాడుకలో సైలెన్సరు మార్చడం అంటారు. సిలిండరు హెడ్ నుండి వంపు తిరిగి కిందికి దిగే బెండు పైపు, దాని వెనుక ఉండే లావుపాటి సైలెన్సరు ఇందులో ముఖ్య భాగాలు. కొన్ని వాహనాలలో ఇవి వేరువేరుగా ఉండి క్లాంపుతో కలుస్తాయి. చాలా చిన్న వాహనాలలో రెండూ ఒకే ముక్కగా వస్తాయి. పేరును బట్టి ఇది శబ్దాన్ని అణచే డబ్బా మాత్రమే అనిపిస్తుంది కాని, నిజానికి ఇది ఇంజనులో ఒక భాగం. దీనిని మార్చితే ఇంజను నడకా మారుతుంది.

పాడవడానికి కారణాలు

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. గొట్టం బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇంటి నుండి బజారు దాకా మాత్రమే తిరిగే బండిలో అది లోపలే చల్లబడి నీరై నిలుస్తుంది. అందుచేత దూర ప్రయాణాలు చేసే బండి కంటే తక్కువ తిరిగే బండి సైలెన్సరే ముందుగా లోపలి నుండి తుప్పు పట్టడం కద్దు. అనేక సైలెన్సర్ల అడుగున కనిపించే సన్నని రంధ్రం ఈ నీరు కారడానికి పెట్టినదే. దానిని చిల్లు అనుకొని మూయించరాదు. సముద్ర తీర ప్రాంతాలలో ఉప్పు గాలి వలన తుప్పు పైనుండి కూడా పడుతుంది.

ఎంపిక

నాలుగు స్ట్రోకుల ఇంజనులో సైలెన్సరు లోపలి అరలు, జాలీలు శబ్ద తరంగాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించి అణచివేస్తాయి. రెండు స్ట్రోకుల ఇంజనులో గొట్టం ఆకారానికి మరింత ప్రాధాన్యం ఉంది. అక్కడ వెనుకకు మరలే పీడన తరంగం, బయటికి జారిపోబోయే తాజా ఇంధన మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. 1950లలో తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థలో వాల్టర్ కాడెన్ ఈ సూత్రాన్ని అభివృద్ధి చేశాడు. కనుక యమహా ఆర్.ఎక్స్.100 వంటి బండికి చూడడానికి సరిపోయే ఏదో ఒక గొట్టం బిగిస్తే వేగం పెరగకపోగా తగ్గవచ్చు. ఇటువంటి బండ్లలో జాలీ మసితో మూసుకుపోయినపుడు, దానిని బయటికి లాగి శుభ్రం చేస్తే మార్పిడి అవసరమే రాకపోవచ్చు.

బుల్లెట్ బండ్లకు గోల్డ్‌స్టార్, ఇందోరీ, పంజాబీ వంటి పేర్లతో దుకాణాలలో దొరికే సైలెన్సర్లను ఎక్కువగా శబ్దం కోసమే కొంటారు. శబ్దం పెరిగితే శక్తి పెరిగినట్లు తోచడం చెవి చేసే మోసం. వాయువులు మరీ సులువుగా పోతే కార్బురేటరు ఉన్న బండిలో మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కుతుంది. అప్పుడు మెయిన్ జెట్‌ను మార్చవలసి ఉంటుంది.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 ప్రమాణాల బండ్లలో ఉత్ప్రేరక పరివర్తకం, ఆక్సిజన్ సెన్సరు ఈ గొట్టాలతో కలిసే ఉంటాయి. పరివర్తకం లేని గొట్టం అమర్చితే కార్బన్ మోనాక్సైడు వంటి విష వాయువులు శుద్ధి కాకుండానే బయటికి వస్తాయి.

అమర్చే విధానం

ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే పని మొదలు పెట్టాలి. హెడ్‌కు ఉన్న రెండు స్టడ్లు ఏళ్ల తరబడి వేడికి గురై నట్లతో బిగుసుకుపోయి ఉంటాయి. వాటికి తుప్పు వదిలించే నూనె పట్టించి కొన్ని గంటలు ఆగడం మంచిది. తొందరపడి పానా మీద బలం చూపితే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. విరిగిన ముక్కను డ్రిల్లుతో తీయించి కొత్త మర వేయించే ఖర్చు ఒక్కొక్కప్పుడు సైలెన్సరు ధరను మించుతుంది.

సెన్సరు ఉంటే దాని తీగను ముందుగా విడదీయాలి. ముందు నట్లు తీసి, సైలెన్సరును చేత్తో ఆనించి పట్టుకొని, వెనుక బోల్టు విప్పాలి. పాత గ్యాస్కెట్ తరచుగా హెడ్ రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతుంది. దానిని తీయకుండా దానిపైనే కొత్తది పెట్టడం వలన వాయువు కారుతుంది. మెకానిక్కులు ప్యాకింగ్ అని పిలిచే ఈ గ్యాస్కెట్ వెల స్వల్పమే కాబట్టి పాతది మళ్ళీ వాడడంలో లాభం లేదు. కొత్తది జారిపోకుండా కొద్దిగా గ్రీజు రాసి నిలుపుతారు.

బిగించే వరుస ముఖ్యం. మొదట అన్ని నట్లు, బోల్టులు వదులుగా ఎక్కించాలి. తరువాత హెడ్ దగ్గరి రెండు నట్లను ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, చివరకు వెనుక బ్రాకెట్ బోల్టును బిగించాలి. వెనుక ముందుగా బిగిస్తే ముందు అంచు వంకరగా కూర్చుంటుంది. రంధ్రాలు కలవడం లేదని గొట్టాన్ని వంచి బలవంతంగా బిగిస్తే ఇంజను అదురుకు బ్రాకెట్ పగులుతుంది.

ఇంజను నడిపే ముందు క్రోమియం పూత మీది వేలిముద్రలను, గ్రీజును తుడవాలి. లేకపోతే ఆ మరకలు వేడికి మాడి శాశ్వతంగా నిలుస్తాయి. మొదటిసారి కొద్దిసేపు తెల్లని పొగ రావడం సహజం. ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేనందున మూసిన గదిలో ఇంజను నడపడం ప్రాణాపాయం. యాక్సిలరేటర్ వదిలినపుడు టపటప శబ్దం వస్తే ముందు అతుకులో లీకు ఉన్నదేమో చూడాలి. సెన్సరు ఉన్న బండిలో ఆ లీకు గుండా చొరబడిన గాలి సెన్సరును తప్పుదారి పట్టించి పెట్రోలు వాడకాన్ని పెంచవచ్చు. సుమారు వంద కిలోమీటర్లు తిరిగాక, చల్లబడిన ఇంజనుపై నట్లను మరొకసారి బిగించాలి.

చట్టం

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలోని 120వ నియమం ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు ఉండాలి. తయారీ దశలో ద్విచక్ర వాహనాల శబ్ద పరిమితి 80 సి.సి. వరకు 75 డెసిబెల్లు, 80 నుండి 175 సి.సి. వరకు 77, అంతకు మించితే 80. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. 2024లో విశాఖపట్నం పోలీసులు స్వాధీనం చేసుకున్న ఇటువంటి సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించారు.