నాలుగు వార్ల తాడు

ఒంగోలు గిత్తల చరిత్ర అందరికీ తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఆ జాతి ఓడలెక్కి బ్రెజిల్ పోయింది. అక్కడ దాని పేరు ‘నెలోర్’. గొడ్డుకు మా జిల్లా పేరు దక్కింది. దాని మెడకు తోలు పగ్గం అల్లినోడి పేరు మాత్రం యాడా దొరకదు. ఆ అల్లిక వెనకున్న తెలివి సంగతి ఎవరు రాయాలి? మేమే రాసుకోవాలి.

మాది బకింగ్‌హాం కాలవకు దగ్గర్లో ఒక మాదిగ పాళెం. మా తాత కావలి పక్క మెట్టల్లో కపిల బావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు, తొండం తాళ్ళు అల్లేవాడు. మూడు వార్లతో ఆడోళ్ళ జడ మాదిరి అల్లితే తాడు బల్లపరుపుగా వస్తుంది. అది గిలక మీద మెలి పడుద్ది, అంచు తొందరగా అరిగిపోద్ది. పగ్గానికి వాడితే ఎద్దు మెడ కోసుకుపోద్ది. గుండ్రం తాడుకు అంచంటూ ఉండదు.

గుండ్రం ఊరికే రాదు. తంగేడు చెక్కతో లందలో ఊనిన తోలును ముందు గుండ్రంగా కోసి, బయటి అంచు నుంచి చుట్టూ తిరుగుతా లోపలికి కోసుకుంటా పోతే ఒకటే పొడుగు వారు వస్తుంది. వెడల్పు ఒక్కచోట తేడా వచ్చినా తాడు అక్కడ బుడిపె కడుద్ది. అంచులు ఏటవాలుగా చెక్కి, వార్లు తడిపి, నాలుగింటిని ఒక కొసన కట్టాలి. కుడి చివర వారును వెనక నుంచి రెండు వార్లు దాటించి ముందుకు తీసి, ఒకదాని మీదుగా మళ్ళీ కుడి పక్కకే తేవాలి. తర్వాత ఎడమ చివరిది అట్టాగే. వెనక నుంచి తిప్పడంలోనే గుండ్రం ఉంది. రెండు చేతుల బిగువూ ఒకటిగా ఉండాలి. అల్లినాక పలక కింద దొర్లించి ఆముదం పట్టించేవాడు తాత. కొలబద్ద లేదు, అంతా వేళ్ళ లెక్కే. దీన్ని లెక్కల శాస్త్రం అనకపోతే ఏమనాలి?

ఇంత పనికీ కూలి లేదు. కోతలప్పుడు కళ్ళంలో మేర గింజలు, చచ్చిన గొడ్డు తోలు, అంతే. రైతు చేతిలో చెర్నాకోలా మా తాత అల్లిందే. అది ఎద్దు వీపు మీదే ఆగేది కాదని మా నాయనమ్మ చెప్పేది.

1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అని మాదిగల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసింది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. తోళ్ళ బేరానికి ఊళ్ళు తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య అందులో పేరున్న మనిషిగా కనిపిస్తాడు. మాదిగోడికి పేరు పెట్టి రాయడానికి పరాయి దేశపు ఆడమనిషి రావాల్సొచ్చింది.

కరెంటు మోటార్లు, నైలాను తాళ్ళు వచ్చినాక కపిలలు పోయాయి, మేర కూడా ఆగిపోయింది. నాయన నన్ను ఆరె ముట్టనీయలేదు. “ఈ కంపు నాతో పోనీరా” అన్నాడు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నాడు గదా, లందను ఇప్పుడు పొగడ్డం ఎందుకని మిత్రులు కూడా అడుగుతారు. లందలోకి తిరిగి పొమ్మని నేను ఎవరికీ చెప్పను. పని వదిలేశాం, మంచిదే. తెలివిని కూడా ఊరికే వదిలేసి పోవాలా?

కిందటేడు ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగు రంగుల రిబ్బన్లిచ్చి అల్లించాను. ఊళ్ళో పెద్ద రైతు కొడుకు మూడుసార్లు అల్లి మూడుసార్లు విప్పాడు. మా పాళెం పిల్ల వాడి చెయ్యి పట్టుకుని వెనక నుంచి తిప్పి చూపించింది.