కార్ల పరిశ్రమకు రక్షణ (భారతదేశం)

విదేశీ కార్ల పోటీ నుంచి స్వదేశీ తయారీదారులను కాపాడేందుకు ప్రభుత్వం విధించే దిగుమతి సుంకాలు, నిషేధాలు, లైసెన్సులు, స్థానిక విడిభాగాల షరతులు అన్నిటినీ కలిపి రక్షణ విధానం అంటారు. వర్ధమాన దేశం తన కార్ల పరిశ్రమకు ఇలాంటి రక్షణ ఇవ్వాలా వద్దా అన్నది ఆర్థికశాస్త్రంలో నేటికీ తెగని వాదం. భారతదేశంలో ఇది 1949లో అమల్లోకి వచ్చింది. తర్వాత ఎన్నో రూపాలు మార్చుకుంది కానీ పూర్తిగా ఎన్నడూ తొలగిపోలేదు.

భావన

కొత్తగా పుట్టిన పరిశ్రమ, పాతుకుపోయిన విదేశీ సంస్థలతో మొదటి రోజు నుంచే పోటీ పడలేదు కాబట్టి కొంతకాలం అండ కావాలన్నది ‘శిశు పరిశ్రమ’ వాదం. అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ 1791లోనూ, జర్మనీలో ఫ్రెడరిక్ లిస్ట్ 1841లోనూ దీనిని ప్రతిపాదించారు. మన దేశంలో మహాదేవ గోవింద రనడే ఈ ఆలోచనకు ప్రచారం కల్పించారు. ఇబ్రహీం రహింతులా అధ్యక్షతన 1921–22లో పనిచేసిన ఫిస్కల్ కమిషన్ రక్షణకు మూడు షరతులు పెట్టింది. పరిశ్రమకు సహజ అనుకూలతలు ఉండాలి. రక్షణ లేకుండా అది ఎదగలేని స్థితిలో ఉండాలి. చివరకు రక్షణ తీసేసినా ప్రపంచ పోటీకి నిలబడగలగాలి. తర్వాతి చరిత్ర అంతా ఈ మూడో షరతును పట్టించుకున్న కాలాలకూ, పక్కన పెట్టిన కాలాలకూ మధ్య తేడాయే.

స్వాతంత్ర్యానికి ముందు

మన దేశంలో మోటారు కార్లు 1890ల చివర్లో కనిపించాయి. తర్వాత మూడు దశాబ్దాలూ దిగుమతి కాలమే. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో కూర్పు కర్మాగారం తెరిచింది. ఫోర్డ్ కూడా కొద్దికాలానికే వచ్చింది. ఓడల్లో పెట్టెలుగా వచ్చిన భాగాలను ఇక్కడ బిగించడం వరకే వారి పని. ఇంజను, గేరుబాక్సు, ఇరుసు ఏదీ ఇక్కడ తయారు కాలేదు.

దేశంలోనే కారు తయారు చేయాలని మొదట పట్టుబట్టి, లెక్కలతో సహా ప్రణాళిక రాసిన వ్యక్తి సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం రూపొందించిన ఇంజనీరు ఆయనే. 1930ల మధ్యలో, డెబ్బై దాటిన వయసులో, ఐరోపా, అమెరికా కర్మాగారాలు తిరిగి చూసి, బొంబాయిలో పెట్టదగిన మోటారు కర్మాగారానికి నివేదిక సిద్ధం చేశారు. 1937లో ఏర్పడిన బొంబాయి కాంగ్రెసు మంత్రివర్గం సుముఖత చూపింది. కేంద్రంలోని బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం అండగా నిలవలేదు.

ఆ ప్రణాళికను అందిపుచ్చుకున్న పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్. ఫోర్డ్‌తో ఆయన జరిపిన మాటలు ఫలించలేదు. క్రైస్లర్ ఒప్పుకుంది. కర్మాగారాన్ని మైసూరు సంస్థానంలో పెట్టాలనుకున్నారు. యుద్ధ అవసరాలకు ఇది ముఖ్యం కాదంటూ ప్రభుత్వం అడ్డు చెప్పింది. సైన్యానికి వేల లారీలు సముద్రాలు దాటి వస్తున్న రోజుల్లోనే ఈ సమాధానం వచ్చింది. చివరకు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ నమోదై, బొంబాయి కుర్లాలో పని మొదలుపెట్టింది.

బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ అంతకు రెండేళ్ల ముందు, 1942లో ఏర్పడింది. దాని తొలి మజిలీ గుజరాత్ తీరంలో, నాటి బరోడా సంస్థానానికి చెందిన ఓఖా రేవు. 1948లో కర్మాగారం పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు తరలింది. అదే ఏడాది మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఏర్పడింది.

టారిఫ్ కమిషన్ కాలం (1949–1956)

1949లో ప్రభుత్వం పూర్తిగా తయారైన వాహనాల దిగుమతిని నిషేధించింది. అయితే విడిభాగాలు తెప్పించి బిగించే సంస్థలు యథాతథంగా కొనసాగాయి. చిన్న మార్కెట్టులో లెక్కకు మించిన మోడళ్లు తిరుగుతున్నప్పుడు ఏ ఒక్క భాగాన్నీ గిట్టుబాటయ్యే సంఖ్యలో ఇక్కడ తయారు చేయడం కుదరదు. బరోడా దివానుగా పేరు తెచ్చుకున్న వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన 1949–50లో రెండో ఫిస్కల్ కమిషన్ పనిచేసింది. రక్షణను దేశాభివృద్ధి ప్రణాళికలో భాగంగా చూడాలన్నది దాని దృష్టి. ఆ సిఫారసుల ఫలితంగా 1951లో చట్టం వచ్చి, 1952 జనవరిలో టారిఫ్ కమిషన్ ఏర్పడింది.

మోటారు పరిశ్రమపై కమిషన్ 1953లో ఇచ్చిన తొలి నివేదిక ఈ చరిత్రలో మైలురాయి. దేశంలోనే తయారు చేసే కార్యక్రమం ఉన్న సంస్థలను మాత్రమే కొనసాగనివ్వాలని, బిగింపుతో సరిపెట్టుకునేవి తప్పుకోవాలని అది సిఫారసు చేసింది. ప్రభుత్వం అంగీకరించింది. తయారీకి సిద్ధపడని జనరల్ మోటార్స్ 1954లో బొంబాయి కర్మాగారం మూసేసింది. ఫోర్డ్ కూడా వెళ్లిపోయింది. ప్రపంచంలోకెల్లా పెద్ద రెండు మోటారు సంస్థలకు, స్వతంత్రం వచ్చి ఏడేళ్లయినా నిండని దేశం ఇక్కడ తయారు చేస్తారా, వెళ్తారా అని తేల్చి చెప్పడం సాహసోపేతమైన నిర్ణయం. విడిభాగాల పరిశ్రమకు పునాది పడింది అప్పుడే. 1951లో బెంగళూరులో మైకో, తర్వాతి దశాబ్దంలో పుణెలో భారత్ ఫోర్జ్, మద్రాసులో లూకాస్ టీవీఎస్, సుందరం ఫాసెనర్స్ వచ్చాయి. 1985లో తిరుపతి దగ్గర మొదలై తర్వాత కారు బ్యాటరీలకు పేరుపొందిన అమరరాజా కూడా ఈ వరుసలోనిదే.

1956లో కమిషన్ రెండో నివేదిక ఇచ్చింది. రక్షణ కొనసాగింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1957లో అంబాసిడర్, ఫియట్ 1100 నమూనాపై ప్రీమియర్ కార్లు, 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ రోడ్డెక్కాయి.

లైసెన్సుల కాలం

1959లో కార్ల పంపిణీపై నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1969లో ధరలపై చట్టబద్ధ నియంత్రణ పెట్టి, 1975లో ఎత్తేశారు. ఎల్.కె. ఝా కమిటీ చవక కారు గురించి 1960లో నివేదిక ఇచ్చినా రెండు దశాబ్దాల దాకా అలాంటి కారు రాలేదు. 1980 నాటికి దేశమంతటా ఏడాదికి తయారయ్యే కార్లు సుమారు 30 వేలు. కొనదలచినవారు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అంబాసిడర్ 2014 వరకు, ప్రీమియర్ పద్మిని దాదాపు 2000 వరకు పాత రూపురేఖలతోనే బయటికొచ్చాయి.

దీన్ని రక్షణ విధానపు వైఫల్యంగా చెప్పడం పరిపాటి. నిజానికి లోపం సరిహద్దు సుంకంలో కన్నా దేశం లోపలి లైసెన్సులో ఎక్కువగా ఉంది. కారును చవకగా తయారు చేయాలంటే ఒక్క కర్మాగారంలోనే ఏడాదికి లక్ష, అంతకు మించి బయటికి రావాలి. ఇక్కడ 30 వేల మార్కెట్టును ముగ్గురు పంచుకున్నారు. సామర్థ్యం పెంచుకోవాలన్నా, కొత్త మోడల్ తేవాలన్నా, యంత్రాలు దిగుమతి చేసుకోవాలన్నా అనుమతి కావాలి. కారు విలాస వస్తువన్న భావనతో ఉక్కు, విదేశీ మారకద్రవ్యం లారీలకు, ట్రాక్టర్లకు మళ్లాయి. బయటి పోటీతో పాటు లోపలి పోటీ కూడా ఆగిపోవడంతో కంపెనీ మీద ఒత్తిడి తెచ్చేవారు లేకపోయారు. రక్షణ ఎప్పుడు ముగుస్తుందో చెప్పినవారూ లేరు.

ఇతర దేశాలు

దక్షిణ కొరియా 1962లో కార్ల పరిశ్రమ రక్షణ చట్టం చేసింది. విదేశీ కార్ల దిగుమతికి 1987 దాకా తలుపులు తీయలేదు. రక్షణ పొందిన సంస్థలను ఎగుమతుల వైపు గట్టిగా తోసింది. 1967లో పుట్టిన హ్యుందాయ్ 1975లో సొంత కారు ‘పోనీ’ తయారు చేసి, వెంటనే విదేశాలకు పంపింది. కఠిన క్రమశిక్షణకు కియా ఉదాహరణ. 1980ల మొదట్లో ప్రభుత్వం దాన్ని కార్లు మానేసి చిన్న వాణిజ్య వాహనాలకే పరిమితం కమ్మంది. మళ్లీ కార్లు చేయడానికి దశాబ్దం మధ్య దాకా ఆగవలసి వచ్చింది. 1997 సంక్షోభంలో దివాలా తీసిన కియా మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి వెళ్లింది. మలేషియా 1983లో ప్రోటాన్‌ను స్థాపించి దీర్ఘకాలం కాపాడింది. ఇంటి మార్కెట్టుకే అలవాటుపడిన ఆ సంస్థలో 49.9 శాతం వాటా 2017లో చైనా సంస్థ గీలీకి అమ్ముడైంది.

మారుతి, జహీరాబాద్

1981లో ప్రభుత్వరంగ సంస్థగా మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982లో సుజుకి 26 శాతం వాటాతో చేరింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 గుర్గావ్ నుంచి బయటికొచ్చింది. భాగాల దిగుమతికి సుంకంలో రాయితీ ఇస్తూనే, ఏటా స్థానిక భాగాలు పెంచాలని షరతు పెట్టారు. ఇక్కడ రక్షణకు షరతూ, పరిమాణమూ రెండూ తోడయ్యాయి. మారుతి చుట్టూ పుట్టిన విడిభాగాల సంస్థలే తర్వాత వచ్చిన విదేశీ కంపెనీలకూ సరఫరాదారులయ్యాయి.

అదే దశాబ్దంలో చిన్న లారీలకు నాలుగు జపాన్ ఒప్పందాలు జరిగాయి. వాటిలో ఒకటి తెలుగు నేలపైకి వచ్చింది. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో 1942లో మొదలై, రిఫ్రిజిరేటర్లకు, బస్సు బాడీలకు పేరుపొందిన హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి నాటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో కర్మాగారం పెట్టింది. 1985 తర్వాత యెన్ విలువ అమాంతం పెరగడంతో జపాన్ నుంచి వచ్చే భాగాలు భారమయ్యాయి. స్థానిక భాగాలు ఆ వేగంతో పెరగలేదు. దశాబ్దం చివరికి ఈ లారీల సంస్థ మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్‌లో మహీంద్రా నేటికీ వాహనాలు, ట్రాక్టర్లు తయారు చేస్తోంది. రక్షణ తొడుగు ఉన్నా మారకపు రేటు ఎంత దెబ్బ తీయగలదో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ తెలుగు ప్రాంతంలో లేదు.

సరళీకరణ, ప్రపంచ వాణిజ్య సంస్థ

1993లో కార్లకు లైసెన్సు విధానం రద్దయింది. 1997 డిసెంబరులో వచ్చిన నోటీసు ప్రకారం విదేశీ సంస్థలు కనీసం 5 కోట్ల డాలర్లు తేవాలి. స్థానిక భాగాలు మూడేళ్లలో 50 శాతానికి, ఐదేళ్లలో 70 శాతానికి చేరాలి. దిగుమతులకు దీటుగా ఎగుమతులు చూపాలి. అమెరికా, ఐరోపా సమాజం దీనిపై ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 2001 డిసెంబరులో తీర్పు భారత్‌కు వ్యతిరేకంగా వచ్చింది. దిగుమతులపై పరిమాణ ఆంక్షలు ఆ ఏడాది ఏప్రిల్ 1నే పోయాయి. షరతు చేజారింది, సుంకం మాత్రం మిగిలింది. కొత్త కార్లపై 60 శాతం, వాడిన కార్లపై అంతకన్నా చాలా ఎక్కువ విధించారు.

గుజరాత్, ఆంధ్రప్రదేశ్

1996లో హలోల్‌లో ఓపెల్ ఆస్ట్రాతో జనరల్ మోటార్స్ తిరిగొచ్చింది. 2017లో హలోల్ కర్మాగారం మూసేసింది. అక్కడ ఇప్పుడు ఎంజీ కార్లు తయారవుతున్నాయి. టాటా నానో కర్మాగారం సింగూరు నుంచి సాణంద్‌కు తరలి 2010లో ప్రారంభమైంది. సాణంద్‌లోనే ఉన్న ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతామని ప్రకటించగా, ఆ కర్మాగారాన్ని టాటా కొనుక్కుంది. 1954లో ప్రభుత్వ విధానం కారణంగా వెళ్లిన రెండు సంస్థలూ ఈసారి కొనేవారు చాలక వెళ్లాయి. సుజుకి మాత్రం 2017 నుంచి హంసల్‌పూర్‌లో ఉత్పత్తి చేస్తూ, విద్యుత్ కార్లను కూడా ఎగుమతి చేస్తోంది.

భారీ సుంకం వల్ల బయటి కారు ఇక్కడ అమ్ముడు కాదు కాబట్టి కంపెనీయే ఇక్కడికొస్తుంది. కంపెనీ కోసం రాష్ట్రాలు పోటీ పడతాయి. 2005 ప్రాంతంలో వోక్స్‌వ్యాగన్‌ను విశాఖకు రప్పించే ప్రయత్నంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక మధ్యవర్తి సంస్థకు సుమారు 11 కోట్ల రూపాయలు చెల్లించి నష్టపోయింది. కంపెనీ పుణె దగ్గరి చాకణ్‌కు వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో కియాతో ఒప్పందం కుదిరింది. నాటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకచోట, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కర్మాగారం లేచింది. హంద్రీ–నీవా నీరు గొల్లపల్లి జలాశయానికి చేరడం దీనికి ఆధారమైంది. 2019 ఆగస్టులో సెల్టోస్ విడుదలైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ఈ కర్మాగారం చుట్టూ కొరియా విడిభాగాల సంస్థలు కూడా వచ్చాయి. వేరుశనగ తప్ప మరో ఆదాయం అరుదైన ఆ పల్లెల యువతకు ఇది గొప్ప మార్పు.

రింగ్ రోడ్డు పోలిక

సూరత్ రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లలో ఇదే వాదం నూలు రూపంలో సాగుతుంది. ఆ మార్కెట్లకు చేరే గుడ్డ నేసే సాంచాలపై తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా పనిచేస్తున్నాయి. పాలిస్టర్ నూలుకు ముడిసరుకైన పీటీఏపై ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దాన్ని తయారు చేసే పెద్ద కంపెనీలకు రక్షణ, నేసేవారికి ఖర్చు. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో దాన్ని రద్దు చేశారు. చవక నూలు రావాలని కోరే మార్కెట్టే చైనా గుడ్డపై సుంకం పెంచమనీ కోరుతుంది. ఇందులో వైరుధ్యం లేదు. ఒకరి ఉత్పత్తి మరొకరికి ముడిసరుకు కాబట్టి, రక్షణ ఏ మెట్టుపై ఇచ్చినా దాని భారం పై మెట్టు మీద పడుతుంది. 2025 ఏప్రిల్‌లో ఉక్కు రేకులు, పలకల దిగుమతిపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం పెట్టినప్పుడు ఉక్కు వాడే పరిశ్రమలకు ఎదురైన ప్రశ్న కూడా ఇదే.

ఇటీవలి పరిణామాలు

2024 మార్చిలో ప్రకటించిన విద్యుత్ కార్ల పథకం 1953 నాటి ఆలోచనను కొత్త రూపంలో తెచ్చింది. 35 వేల డాలర్లు, అంతకు పైబడిన కార్లను ఏడాదికి 8 వేల దాకా 15 శాతం సుంకంతో తెచ్చుకోవచ్చు. బదులుగా సంస్థ కనీసం 4,150 కోట్ల రూపాయలు పెట్టుబడి పెట్టి, మూడేళ్లలో తయారీ మొదలుపెట్టాలి. దేశీయ విలువ జోడింపు మూడేళ్లలో 25 శాతానికి, ఐదేళ్లలో 50 శాతానికి చేరాలి. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో, నూరు శాతానికి పైగా ఉన్న కార్ల సుంకాన్ని నిర్ణీత కోటా మేరకు దశలవారీగా 10 శాతానికి తగ్గించడానికి భారత్ అంగీకరించింది.