పొలం గట్లపై తుమ్మి మొక్కను గుర్తించడం ఎలా?

కృష్ణా డెల్టాలో విజయవాడ పరిసరాల నుంచి దివిసీమ వరకు పొలం గట్లు, కాలువ గట్ల మీద తెల్లని పూలతో కనిపించే చిన్న మొక్క తుమ్మి. ఇది తులసి, పుదీనా కుటుంబానికి చెందిన దేశవాళీ మొక్క. సంస్కృతంలో ద్రోణపుష్పి అంటారు. లేత ఆకును కూరగా వండుకుంటారు కాబట్టి కోసే ముందు సరిగా గుర్తించాలి.

గుర్తింపు లక్షణాలు:
• కాండం: వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగులుతుంది. మొక్క సాధారణంగా అడుగు నుంచి రెండు అడుగుల ఎత్తు పెరుగుతుంది.
• ఆకులు: సన్నగా, పొడవుగా, ప్రతి కణుపు వద్ద ఎదురెదురుగా ఉంటాయి. నలిపితే ఘాటైన వాసన వస్తుంది.
• పూలు: కణుపుల వద్ద కాండం చుట్టూ గుండ్రని గుత్తులుగా పూస్తాయి. ప్రతి పువ్వుకు రెండు పెదవులుంటాయి. పైది చిన్నది, నూగుతో ఉంటుంది. కిందిది వెడల్పుగా ఉంటుంది.

వీటితో పొరబడవద్దు:
• వయ్యారిభామ: ఆకులు క్యారెట్ ఆకులా చీలి ఉంటాయి. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు రావచ్చు. చేతి తొడుగులు వేసుకుని పూతకు ముందే పీకేయాలి.
• గడ్డిచామంతి: కాండం గుండ్రంగా ఉంటుంది. పొడవాటి కాడ చివర ఒక్కటే పువ్వు, మధ్యలో పసుపు రంగు ఉంటుంది.

జాగ్రత్తలు:
• కలుపు మందు, పురుగు మందు కొట్టిన గట్లపై ఆకు కోయవద్దు.
• తుమ్మి గింజల ద్వారా వ్యాపిస్తుంది. మినుము చేలో మొలిస్తే గింజ కట్టకముందే పీకేయాలి.
• గట్టుపై పంటకు అడ్డు లేనిచోట ఉంచవచ్చు. తేనెటీగలు, సీతాకోకచిలుకలు ఈ పూలపై వాలతాయి.